ఆపిల్ ఆవకాయ సీసా

శవాన్ని తెచ్చిన పోలీసులు మామూలుగా తలుపు దగ్గరే ఆగిపోతారు. సంతకం పెట్టించుకుని, సిగరెట్ కోసం బయటికి నడుస్తారు. ఆ గురువారం లెఫ్టినెంట్ హ్లావాటీ వెళ్ళలేదు. కోటు విప్పి మేకుకి తగిలించి, గోడవార ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

గ్లౌజులు తొడుక్కుంటున్న అనంతలక్ష్మి అతనివైపు ఒకసారి చూసింది. పెన్సిల్వేనియాలో ఉక్కు మిల్లులు మూతపడుతున్న బ్రెన్నర్ అనే ఊరు అది. అక్కడి ఆసుపత్రిలో ఆమె పెథాలజిస్టు. ఇన్నేళ్ళలో హ్లావాటీ ఆ స్టూలు మీద కూర్చోవడం ఆమె చూడలేదు.

"సింపుల్ కేసు, డాక్," అన్నాడు కరోనర్ బర్డిక్. "లాకప్‌లో చొక్కాతో ఉరేసుకున్నాడు. పైపైన చూసి చెప్పేస్తే చాలు. మెడ కొయ్యక్కర్లేదు. అందరూ ముఖం చూసేలా వాళ్ళమ్మ శవపెట్టె మూత తెరిచే ఉంచమంటోంది."

ఆ కౌంటీలో ఎవరు ఎలా చచ్చిపోయారో తేల్చి చెప్పే కరోనర్‌ని జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. బర్డిక్ డాక్టరు కాడు. మెయిన్ స్ట్రీట్‌లో అంత్యక్రియల వ్యాపారం చేస్తాడు. కోసి చూడాల్సిన పని పడితే ఆసుపత్రికి ఫోన్ చేసి లక్ష్మిని పిలుస్తాడు.

చనిపోయినవాడి పేరు ఎడ్డీ ప్రోకాప్. బార్లలో సిగరెట్ మెషీన్లూ పిన్‌బాల్ బల్లలూ బాగుచేసేవాడు. ఊళ్ళో ఆ మెషీన్లన్నీ ఒక్క కుటుంబానివే. మాకొద్దన్న బారుకి తెల్లారేసరికి కిటికీ అద్దాలు ఉండేవి కావు. మర్నాడు పోలీసులొచ్చి రాసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ వేసవిలో ఒక బారు యజమాని తాళం తిప్పగానే కారు పేలిపోయింది. ఎవర్నీ పట్టుకోలేదు. ఎడ్డీ పిట్స్‌బర్గ్ వెళ్ళి, నేరాలు విచారించే ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ముందు ఆ కుటుంబం గురించి నోరు విప్పబోతున్నాడని పేపర్లో వచ్చింది. పేపర్లో వచ్చిన వారానికే, తాగి కారు నడిపాడని అతన్ని లోపలేశారు.

"కోత కాలర్ కిందికి వస్తుంది," అంది లక్ష్మి. "వాళ్ళమ్మకి కనబడదు."

బర్డిక్ హ్లావాటీ వైపు చూశాడు. హ్లావాటీ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

సహాయకుడు వాల్టర్ రంపం అందించాడు. ఆమె ముందు తల తెరిచింది, తరవాత ఛాతీ. మెడ జోలికి పోలేదు. గుంటూరులో ఆమెకి ఫోరెన్సిక్ చెప్పిన ప్రొఫెసరు ఒకే మాట పదే పదే అనేవారు. ఉరి కేసులో మెడ ఆఖర్న చూడండమ్మా, పైనా కిందా ఖాళీచేసి నెత్తురు దిగిపోనివ్వండి, తడి మెడ అబద్ధం చెబుతుంది. గుంటూరు ఆసుపత్రిలో ఆమె తాడు కేసులు చాలా చూసింది. ఇక్కడి డాక్టర్లు తుపాకి గాయాలు చూసినట్టు.

ఆమె గడియారం చూసుకుంటూ ఆగింది. నెత్తురు దిగింది. అప్పుడు మెడ తెరిచింది.

ఉరేసుకున్నవాడి బరువు కిందికి లాగుతుంది కాబట్టి తాడు గుర్తు చెవి వెనక్కి ఎక్కుతుంది. ఎడ్డీ మెడమీద గుర్తు ఎక్కడికీ ఎక్కలేదు. కంఠానికి కిందుగా, వడ్డాణంలా సమంగా చుట్టు తిరిగింది. లోపల కండరాల పొరల్లో నెత్తురు కమ్మి ఉంది. నాలుక మొదట్లో ఉండే చిన్న ఎముక విరిగింది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, బొటనవేలంత కమిలిన మచ్చలు రెండు ఉన్నాయి.

బల్లపైన మైకు వేలాడుతోంది. కింద పెడల్ తొక్కితే టేపు తిరుగుతుంది. లక్ష్మి పెడల్ మీదనుంచి కాలు తీసేసింది.

కాలు తీయడం హ్లావాటీ చూశాడు.

"ఏమన్నా ఉందా, డాక్?"

"మైక్రోస్కోపు కింద చూడాలి. రిపోర్ట్ పెండింగ్‌లో పెడుతున్నాను."

"ఉరికి మైక్రోస్కోపు ఎందుకు?"

"మా ఊళ్ళో పెడతాం," అందామె.

పోలీసు ఫొటోగ్రాఫరు ఫొటోలు తీసి వెళ్ళాడు. శుక్రవారం ఫోన్ చేసి, ఫిల్ముకి వెలుతురు తగిలింది, ఒక్కటీ రాలేదు, సారీ అన్నాడు. అదే రోజు శవం బర్డిక్ దుకాణానికి వెళ్ళింది. శనివారం పొద్దున పూడ్చేశారు. ఇక మిగిలింది ఎడ్డీ మెడలోనుంచి ఆమె తీసిపెట్టిన ముక్క ఒక్కటే. వాల్టర్ కాంటీన్‌నుంచి తెచ్చి కడిగిపెట్టే ఐస్‌క్రీమ్ బకెట్లలో ఒకదానిలో, ఫార్మలిన్‌లో మునిగి, నమూనాల గదిలో అలాంటి బకెట్ల వరసలో ఉంది. మూతమీద నంబరు తప్ప పేరు లేదు.

*

శనివారం సాయంత్రం శ్యామ్‌సుందర్ గారింట్లో భోజనం. ఆ ఊరికి మొదట వచ్చిన తెలుగువాడు ఆయనే. ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్లకి పెద్ద. తరవాత వచ్చినవాళ్ళందర్నీ ఎయిర్‌పోర్టునుంచి తెచ్చుకుని, తన ఇంట్లో పెట్టుకుని, అపార్ట్‌మెంట్ చూసిపెట్టింది ఆయనే. లక్ష్మికి ఉద్యోగం ఆయన మాటతోనే వచ్చింది. అందరికీ ఆయన అన్నయ్య. ఆయన భార్య ఉషా అందరికీ వదిన. తక్కిన రెండు కుటుంబాలు పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళాయి కాబట్టి ఆ వారం లక్ష్మి, ఆమె భర్త దామోదర్ మాత్రమే వెళ్ళారు.

"ఆ చేత్తో నా గరిటె ముట్టుకోకు తల్లీ," అంది ఉషా వంటింట్లో. "పొద్దున ఎవర్ని కోశావో ఏంటో."

"శనివారం కొయ్యను వదినా. మీరు చేసే గుత్తొంకాయ తలుచుకుని వంకాయల్నే కోస్తాను."

"ఇదిగో, మాటలకేం తక్కువ లేదు. కూర మాడితే నీదే బాధ్యత."

"మాడితే అన్నయ్య తింటారు. ఇరవయ్యేళ్ళుగా తింటున్నారుగా."

ఉషా గరిటె ఎత్తింది. లక్ష్మి పళ్ళేలు పట్టుకుని పారిపోయింది.

ముందుగదిలో దామోదర్ సోఫా అంచున కూర్చున్నాడు. మిల్లులో మెటలర్జిస్టు. మిల్లు మూసేశాక ఇంట్లోనే ఉంటున్నాడు. సిటీ నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు పోస్టుకి అన్నయ్య మేయర్‌తో చెప్పాడు.

"వర్రీ అవకు దామూ," అంటున్నాడు శ్యామ్‌సుందర్. "ఈ వారంలో పిలుస్తారు. నేను ఫాలో అప్ చేస్తున్నా."

భోజనాల దగ్గర, పెరుగు కలుపుకుంటూ ఆయన అడిగాడు.

"లాకప్‌లో కుర్రాడి కేసు నీకే వచ్చిందిట కదమ్మా?"

లక్ష్మి ఆ మాట రెండు రోజులుగా ఎవరితోనూ అనలేదు. అక్కడ తెలుగులో, చారు వాసనలో, అనడానికి అడ్డం కనబడలేదు. "అది ఉరి కాదన్నయ్యా. ఎవరో బిగించారు. వెనకనుంచి."

శ్యామ్‌సుందర్ చెయ్యి కంచంలో ఆగింది. "అనుమానమా? ఖాయమా?"

"ఎముక విరిగింది. అది నా దగ్గరే ఉంది."

"నీ దగ్గరంటే ఎక్కడ?"

"కొంపదీసి నా ఆవకాయ సీసాలో పెట్టలేదు కదా!" అంది ఉషా.

ఆ ఊళ్ళో మామిడికాయ దొరకదు. ఉషా పచ్చి ఆపిళ్ళు, పుల్లటివి చూసి కొని, ఆవపిండీ కారం కలిపి ఆవకాయ పెడుతుంది. ఒక పెద్ద గాజు సీసా లక్ష్మి ఆఫీసులో ఉంటుంది, మధ్యాహ్నం పెరుగన్నంలోకి.

"మరి ఎక్కడ పెట్టాననుకున్నారు వదినా?" అంది లక్ష్మి, ముఖం బిగించుకుని. "అందులోనే. నా ఆఫీసు అలమరలో, పైఅరలో. మీ కారానికి ఫార్మలిన్ దండగ. వందేళ్ళైనా చెడదు."

"ఛీ! పాపిష్టిదానా!" ఉషా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దామోదర్‌కి పొలమారింది. అందరూ నవ్వారు. శ్యామ్‌సుందర్ అందరికంటే ఆలస్యంగా నవ్వాడు.

బయల్దేరుతుంటే ఆయన కారుదాకా వచ్చి, కిటికీలోకి వంగాడు. "నిజంగా ఆఫీసులోనే పెట్టావా?"

వదిన మెట్ల మీద నిలబడి వింటోంది. లక్ష్మి నవ్వాపుకుని, "వదిన ఆవకాయలోనే అన్నయ్యా, ఒట్టు," అంది.

కారు మలుపు తిరిగాక దామోదర్ అడిగాడు. "నిజంగానే పచ్చడిలో పెట్టావేంటి?"

"మీకు మతి పోయిందా? సోమవారం నేనేం తినను? నమూనాల గదిలో ఉంది. తెల్ల బకెట్లో."

దామోదర్ రేడియో తిప్పాడు. కాసేపాగి, "రేపు బంకుకెళ్ళి కార్లో గ్యాస్ పోయించుకొస్తా. తాళాలు నా దగ్గర ఉంచు," అన్నాడు.

ఆ గుత్తిలోనే ఆమె ఆఫీసు తాళంచెవి కూడా ఉంటుంది.

*

సోమవారం మధ్యాహ్నం లక్ష్మి టిఫిన్ డబ్బా తెరిచి, అలమర తలుపు తీసి, చెయ్యి పైకి చాచింది. చేతికి ఏమీ తగల్లేదు.

కుర్చీ ఎక్కి చూసింది. అరమీద పరిచిన కాగితంపై గుండ్రటి నూనె మరక ఒకటి, సీసా అడుగంత, మిగిలింది. పక్కనున్న పుస్తకాలు కదల్లేదు. తలుపు తాళం పగల్లేదు. గీతలు కూడా లేవు.

వాల్టర్ హాల్లో నేల తుడుస్తున్నాడు.

"నా పచ్చడి సీసా చూశావా, వాల్టర్?"

"ఆ ఎర్రదా?" వాల్టర్ కర్రకి ఆనుకున్నాడు. "దాని దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు, డాక్. మీరు మొన్న ఇచ్చిన ముక్క తిని నేను పంపు కింద తల పెడితే, మా ఆవిడ ఇంకా నవ్వుతోంది."

ఆమె నవ్వలేదు. వాల్టర్ నవ్వు కూడా ఆగిపోయింది. ఇరవై ఏళ్ళకి పైగా ఇక్కడే ఉన్నాడు. అన్ని గదుల తాళాలూ అతని నడుముకి వేలాడుతుంటాయి. గురువారం ఆమె మెడ తెరిచినప్పుడు పక్కనే ఉన్నాడు. ఆమె అతని తాళాల గుత్తి వైపు చూసింది. చూడటం అతను గమనించాడు. మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె నమూనాల గదిలోకి వెళ్ళింది. బకెట్లు వరసలో ఉన్నాయి. మూడో అరలో ఆమె బకెట్ ఉంది. మూత ఎత్తింది. ఉంది. మూత నొక్కి, మళ్ళీ నొక్కి, బయటికి వచ్చింది.

లిఫ్టు దగ్గర హ్లావాటీ నిలబడి ఉన్నాడు. ఆసుపత్రిలో అతనికి పనేమిటో చెప్పలేదు.

"డాక్, కౌంటీ సొత్తు సొంత అలమరల్లో పెట్టుకోకూడదు," అన్నాడు. "తినేవాటి పక్కన అసలు పెట్టుకోకూడదు. శుభ్రం కాదు."

"ఏ సొత్తు?"

"ఊరికే అన్నాను. బుధవారం జ్యూరీ ముందు ఇన్‌క్వెస్ట్ విచారణ. ఉరి అని ఒక్క మాట చెప్పారంటే కాఫీ చల్లారేలోపు అయిపోతుంది." లిఫ్టు వచ్చింది. అతను తలుపు పట్టుకుని ఆగాడు. "మీ ఆయనకి సిటీలో ఉద్యోగమట. కంగ్రాచ్యులేషన్స్."

తలుపులు మూసుకున్నాయి.

లక్ష్మి మెట్లమీదుగా దిగింది. సగంలో ఆగి కడ్డీ పట్టుకుంది. ఎర్రనూనెలో తేలే ముక్కల్ని చూసి ఎవరో వాటిని ఎడ్డీ ప్రోకాప్ మెడ అనుకున్నారు. ముక్క పచ్చడి సీసాలో ఉందన్న మాట ఆమె నోటినుంచి ఒక్క సాయంత్రమే వచ్చింది, ఒక్క బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ ముందే వచ్చింది. అక్కడ వాల్టర్ లేడు. పోలీసులు లేరు. తెలుగు తెలియనివాడు ఒక్కడూ లేడు.

ఆ బల్ల దగ్గర ఆమె కాక ముగ్గురున్నారు. అందులో ఒకరు ఆదివారమంతా ఆమె తాళాలు దగ్గరుంచుకున్నారు.

*

ఇంటికి వచ్చేసరికి దామోదర్ చిక్కుళ్ళు తుంపుతున్నాడు. ఉద్యోగం పోయాక వంట నేర్చుకున్నాడు. ఈనెలు తీసి ఒకపక్క, కాయలు ఒకపక్క పేరుస్తాడు, మిల్లులో శాంపిళ్ళు పేర్చినట్టు.

"నిన్న గ్యాస్‌కి ఏ బంకుకి వెళ్ళారు?"

"మామూలుదే. ఏం?"

"చాలాసేపు రాలేదు మీరు."

"ఆయిల్ కూడా మార్పించాను. కార్ చప్పుడు చేస్తోందని నువ్వేగా అన్నావు."

ఫోన్ మోగింది. దామోదర్ లేచి వెళ్ళాడు. ఇంగ్లీషులో, గొంతు తగ్గించి మాట్లాడాడు. యెస్ సర్. థాంక్యూ సర్. పెట్టేసి వచ్చాడు.

"సిటీ వాళ్ళు. గురువారం ఇంటర్వ్యూ. ఫార్మాలిటీయేట."

లక్ష్మి అతని ముఖం చూసింది. ఆ ముఖాన్ని ఆమె ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. సంతోషం ఉంది. సంతోషం కింద ఇంకేమన్నా ఉందా అని వెతికింది. అతను చేతికంటిన ఈనె దులుపుకుని మళ్ళీ చిక్కుళ్ళ ముందు కూర్చున్నాడు.

ఆమె బియ్యం కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పోసింది, వంచింది, పోసింది. గిన్నె అంచున నీళ్ళు తెల్లగా తిరుగుతున్నాయి. తెల్ల బకెట్. ఆమె చేయి గిన్నెలో ఆగింది.

తెల్ల బకెట్టని ఈయనకి చెప్పాను. కార్లో.

దామోదర్ మాట మోసి ఉంటే వాళ్ళు బకెట్ ఎత్తుకెళ్ళేవాళ్ళు. ఎత్తుకెళ్ళింది పచ్చడిని. పచ్చడి నిజమని నమ్మినవాళ్ళు చెప్పిన మాట అది. తాళాల సంగతికొస్తే, ఆసుపత్రి సెక్యూరిటీలో ఉన్నవాళ్ళంతా రిటైరైన పోలీసులు. వాళ్ళకి గుత్తులకేం కొదవ.

పంపు కట్టేసి, తడిచేత్తోనే వచ్చి దామోదర్ పక్కన నేలమీద కూర్చుంది.

"ఏంటి?" అన్నాడతను.

"ఏం లేదు." ఒక చిక్కుడుకాయ తీసి తుంపింది. ఆ తరవాత మొత్తం చెప్పింది. సీసా, లిఫ్టు, హ్లావాటీ అన్నమాట. తనని అనుమానించిన సంగతి ఒక్కటి చెప్పలేదు. అతనికి అర్థమైందేమో, గ్యాస్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"అన్నయ్యేనంటావా?" అన్నాడు ఒక కాయ తుంపుతూ.

"మీరేమంటారు?"

"మనం దిగిన రోజు మంచు పడుతోంది. తన కోటు విప్పి నాకిచ్చాడాయన." దామోదర్ ఈనెల కుప్పని అరచేత్తో సర్దాడు. "బుధవారం నువ్వు చెప్పేస్తే, గురువారం ఫార్మాలిటీ ఉండదు."

"ఉండదు."

అతను కాయలన్నీ తుంపడం పూర్తిచేశాడు. లేచి, ఈనెలు చెత్తబుట్టలో వేసి, అటు తిరిగే అడిగాడు.

"ఆ బకెట్ మూత గట్టిగా పెట్టావా?"

*

మంగళవారం డాక్టర్ల గదిలో శ్యామ్‌సుందర్ ఒక్కడే కాఫీ కలుపుకుంటున్నాడు. ఆపరేషన్ టోపీ ఇంకా తలమీదే ఉంది.

"అన్నయ్యా, సీసా పోయింది."

ఏ సీసా అని ఆయన అడగలేదు. చెంచా రెండుసార్లు తిప్పాడు. ఆయన భుజాలు దిగాయి.

"పోతే పోయిందమ్మా. మంచికే అనుకో. నువ్వు చేసేదేముంది? దొరకలేదు, తేల్చలేకపోయాను అని చెప్పు. అబద్ధం కాదుగా."

"ఎవరికి చెప్పారన్నయ్యా?"

"నేనెవరికి చెబుతాను?" చెంచా కప్పులోంచి తీసి రుమాలుతో తుడిచాడు. "పోలీస్ చీఫ్ అడిగాడు. మీ పిల్ల ఏమంటోంది, ఏదో దాచిందట కదా అని. తెలుసుకునే అడిగాడు. నేను ఊరికే నవ్వాను. నవ్వుతూ ఒక మాట అన్నానేమో. లక్ష్మీ, వీళ్ళు మంచివాళ్ళు కారు. ఆ ముక్క నీ దగ్గరుంటే నీ ఇంటికొచ్చేవాళ్ళు. ఇప్పుడు రారు. అది చూడు."

"ఎడ్డీ వాళ్ళమ్మ?"

"ఎవరు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"మనం బతకడానికి వచ్చాం ఇక్కడికి," అన్నాడాయన. "వీళ్ళ గొడవలు తీర్చడానికి కాదు. నేను పెట్టబోయే సర్జరీ సెంటర్ పర్మిషన్‌కని కౌంటీ బోర్డు ముందుకి మూడుసార్లు వెళ్ళి వెనక్కొచ్చింది. నేనెవరితోనన్నా పోట్లాడానా? పర్మిషన్ వస్తుంది. దాముకీ ఉద్యోగం వస్తుంది. ఒక్కొక్క పనీ అవుతుంది." టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. "సీసా నిజంగా పోయిందిగా?"

"అర మొత్తం వెతికాను."

"సరే, వెళ్ళు. భోంచెయ్యి."

ఆయన ఆమె తలమీద చెయ్యి వేశాడు, ఎయిర్‌పోర్టులో వేసినట్టే. ఆమె కదలకుండా నిలబడింది. బకెట్ మాట ఆయనకి చెప్పలేదు.

సాయంత్రం వాల్టర్ నమూనాల గదికి తాళం వేస్తుంటే ఆమె వెళ్ళి నిలబడింది.

"వాల్టర్, నిన్న నేను నిన్ను చూసిన చూపు..."

"చూసే రోజులే, డాక్. నేనూ మిమ్మల్ని చూశాను. కాలు పెడల్ మీదనుంచి తీసినప్పుడు, వీళ్ళు ఈమెని కూడా కొనేశారా అనుకున్నాను." అతను తాళంచెవి తిప్పి, లాగి చూశాడు. "రేపు కోర్టుకి ఏమన్నా మొయ్యాలా?"

"ఒక బకెట్."

"ఏదని అడగను," అన్నాడు.

*

ఇన్‌క్వెస్ట్ కోర్టుహౌసు పైఅంతస్తులో జరిగింది. ఆరుగురు జ్యూరీ. బల్ల వెనక బర్డిక్. కిటికీ దగ్గర హ్లావాటీ, కాలుమీద కాలు. వెనక వరసలో పేపరువాళ్ళు, టీవీవాళ్ళు, పిట్స్‌బర్గ్‌నుంచి వచ్చిన ఫెడరల్ లాయరొకడు. ముందు వరసలో ఎడ్డీ తల్లి వానకోటు విప్పకుండా కూర్చుంది. ఆమె చేతిలో జపమాల ఉంది, వేళ్ళు మాత్రం కదలడంలేదు.

"డాక్టర్," అన్నాడు బర్డిక్, "మరణ కారణం ఉరి. అంతేగా?"

"కాదు."

ఆమె తన కోటు బెల్టు తీసి, ముందు మెడకి కింద తగిలించి పైకి ఎత్తి చూపించింది, గుర్తు చెవి వెనక్కి ఎలా పోతుందో. తరవాత అదే బెల్టుని మెడచుట్టూ అడ్డంగా పట్టుకుంది. "ఎడ్డీ ప్రోకాప్ మెడమీద గుర్తు ఇలా ఉంది. లోపల ఎముక విరిగింది. మెడ వెనక రెండు బొటనవేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి. ఇది తనకి తాను చేసుకున్నది కాదు."

జ్యూరీలో ఒకావిడ తన మెడ తడుముకుంది.

"ఫొటోలు లేవు," అన్నాడు బర్డిక్. "మీరు తీసిపెట్టిన నమూనా కూడా కనబడటంలేదని విన్నాను. మీ ఒక్కరి మాటమీద..."

"ఎవరు చెప్పారు మీకు, కనబడటంలేదని?"

బర్డిక్ హ్లావాటీ వైపు చూశాడు. కిటికీ దగ్గర హ్లావాటీ కాలు దించాడు.

"పోయింది నా పచ్చడి సీసా," అంది లక్ష్మి. "ఆపిళ్ళతో పెట్టింది. ఎవరి దగ్గరుందో తెలిస్తే చెప్పండి, మా వదిన సీసా అడుగుతుంది."

వెనక ఎవరో నవ్వబోయి మానుకున్నారు. వాల్టర్ నడవలోంచి వచ్చాడు. ఉతికిన దుప్పట్ల సంచిలోంచి తెల్ల బకెట్ తీసి, బల్లమీద, బర్డిక్ ముందున్న మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు. మూతమీద ఆమె చేతిరాతలో నంబరు ఉంది. ఫెడరల్ లాయరు లేచి నిలబడ్డాడు.

ఆ రోజు ఎవర్నీ అరెస్టు చెయ్యలేదు. గుర్తు తెలియని వ్యక్తుల చేతిలో హత్య అని జ్యూరీ రాసిచ్చింది. బకెట్‌ని లాయరు తనతో తీసుకెళ్ళాడు. హ్లావాటీ కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, ఆమె పక్కనుంచి వెళ్ళాడు.

మెట్ల దగ్గర ఎడ్డీ తల్లి ఆమె మోచేయి పట్టుకుంది.

"అంటే వాడు చేసుకోలేదా?"

"లేదు. చేసుకోలేదు."

"చర్చిలో ఫాదర్‌కి చెప్పొచ్చా? ఆత్మహత్య మహాపాపమంటాడాయన."

"చెప్పండి. నమ్మకపోతే నాకు ఫోన్ చెయ్యమనండి."

ముసలావిడ తల ఊపింది. అప్పుడు ఆమె వేళ్ళు జపమాల మీద కదిలాయి.

*

సాయంత్రం సిటీ ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారట. దామోదర్ యెస్ సర్, థాంక్యూ సర్ అని పెట్టేశాడు. మళ్ళీ మోగింది. ఈసారి లక్ష్మి తీసింది. ఉషా.

"టీవీలో చూశాం. బాగా మాట్లాడావు." ఉషా ఆగింది. వెనక వాళ్ళింట్లో టీవీ చప్పుడు వినిపించడంలేదు. "అన్నయ్య భోంచెయ్యకుండా పడుకున్నారు. తలనొప్పిట. పచ్చడి పోయిందటగా, టీవీలో అన్నారు. ఇంకో సీసా పెట్టి పంపనా?"

"వద్దు వదినా."

"పిచ్చిదానా, ఎవడో తిన్నాడని నువ్వు తినడం మానేస్తావా?"

"ఆ సీసా సంగతి అన్నయ్యని అడగండి, వదినా. ఎవరు తిన్నారో ఆయనకి తెలుస్తుంది."

ఉషాకి అంతకుముందే తెలుసా, ఇప్పుడే తెలిసిందా అని లక్ష్మి రిసీవర్ చెవికి నొక్కిపెట్టి విన్నది. ఊపిరి తప్ప ఏమీ లేదు. తరవాత మెల్లిగా రిసీవర్ పెట్టిన చప్పుడు.

మర్నాడు పొద్దున ఆమె లంచ్ డబ్బా సర్దుకుని, తాళాల కోసం తలుపు పక్కన మేకు తడిమింది. మేకు ఖాళీగా ఉంది.

వంటింటి కిటికీలోంచి చూసింది. గడ్డిమీద మంచు పట్టింది. మిల్లు మూసినప్పటినుంచి ఆలస్యంగా లేస్తున్న దామోదర్, పైజమామీద మిల్లు కోటూ, కాళ్ళకి మిల్లు బూట్లూ వేసుకుని, ఆమె కారు పక్కన మోకాళ్ళమీద వంగి ఉన్నాడు. టార్చి వేసి అడుగునంతా చూశాడు. లేచి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ దగ్గర్నుంచి ఒక్కొక్క వైరూ వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్ళాడు. బానెట్ దించాడు.

ఆమె తలుపు తీయబోయింది. అతను అక్కడినుంచే అరచెయ్యి చూపించాడు. ఆగు.

కార్లో కూర్చున్నాడు. తలుపు వేసుకోలేదు. ఒక కాలు బయటే ఉంది. లక్ష్మి తలుపు అద్దంమీద చెయ్యి పెట్టింది.

ఇంజను అందుకుంది.

దామోదర్ వెంటనే దిగలేదు. హీటర్ పెట్టాడు. తరవాత దిగి, అద్దంమీద మంచు మొత్తం గీకాడు, వెనక అద్దం కూడా. లోపలికి వచ్చి బూట్లు దులుపుకున్నాడు.

"వెచ్చగా ఉంది," అన్నాడు. "వెళ్ళు. లేటవుతోంది."